దూరదేశపు రాత్రులు

చదువవలసిన భాగములు: లూకా 15:11-32, దానియేలు 1:3-16

ప్రతి సంవత్సరము మన సంఘములనుండి కొందరు బిడ్డలు చదువు నిమిత్తము పట్టణమునకు బయలుదేరుచున్నారు. విజయవాడ రోడ్డున గాని నాగార్జునసాగరము రోడ్డున గాని వెళ్లు మన పల్లెల బస్సులకు ఎల్.బి. నగరు హైదరాబాదుయొక్క తూర్పు వాకిలి వంటిది. అక్కడికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరముననే దిల్‌సుఖ్‌నగరు ఉన్నది. కోచింగు సెంటర్లు, హాస్టళ్లు, పుస్తకముల అంగళ్లు, టిఫిను బండ్లు అక్కడ సందు సందున కనబడును. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరు వరకు మెట్రో రైలు వచ్చిన తరువాత పట్టణమంతయు ఆ బిడ్డలకు చేతికందునట్లాయెను. సముద్రము దాటకపోయినను, ప్రొద్దుగుంకగానే దీపమార్పు ఇంటనుండి వెళ్లినవానికి అది దూరదేశమే.

2024 ఆగష్టులో మేము ఒక రోగిని చూచుటకు హైదరాబాదు వెళ్లితిమి. మా సంఘములోని ఒక కూలి సహోదరుడు తన కుమారునికిమ్మని మామిడికాయ పచ్చడి సీసా మా చేతికిచ్చెను. మేము దిల్‌సుఖ్‌నగరులోని ఆ హాస్టలుకు చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటెను. నాలుగు మంచములున్న గదిలో మూడింటిమీద పిల్లలు చదువుకొనుచుండిరి. నాలుగవది ఖాళీగా నుండెను.

“రోజూ ఇంతేనండీ, అర్ధరాత్రి దాటాక వస్తాడు” అని ఒక పిల్లవాడు చెప్పెను.

మేము మెట్లమీద కూర్చుంటిమి. మా మనస్సు ఊరకుండలేదు. త్రాగుడో, సినిమాయో, దుష్టసాంగత్యమో అని తలంచి, అతడు వచ్చిన వెంటనే చెప్పవలసిన గద్దింపు మాటలన్నియు సిద్ధపరచుకొంటిమి.

అతడు పన్నెండున్నరకు వచ్చెను. మమ్మును చూచి నిలిచిపోయెను. తరువాత పచ్చడి సీసా చూచి మెట్టుమీద కూలబడి ఏడ్చెను.

సంగతి ఏమనగా, అతడు గ్రూపు-1 పరీక్షకు చదువుచుండెను. ఆ ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబరులో జరిగి, ప్రశ్నపత్రము బయటికి పొక్కినందున 2023 మార్చిలో రద్దాయెను. 2023 జూనులో మరల జరిగినది హైకోర్టు తీర్పువలన ఆ సెప్టెంబరులో రద్దాయెను. మూడవసారి 2024 జూనులో జరిగెను. అందులో అతడు తప్పెను. కాని ఇంటికి ఫోను చేసి నెగ్గితినని చెప్పెను. తండ్రి సంతోషముతో ఆ మాట సంఘములో చెప్పెను. మేము కృతజ్ఞతా ప్రార్థన కూడ చేసితిమి.

“అయ్యగారూ, ఆ పుస్తకాలు కనబడితే గదిలో ఉండలేకపోతున్నాను. మెట్రో స్తంభాల కింద ఎల్.బి. నగర్ దాకా నడిచి వెళ్లి, టీ తాగి, కొట్లు మూసేదాకా కూర్చుని వస్తాను. ఒక్కోసారి స్నేహితులతో సెకండ్ షోకు పోతాను. అప్పు కూడా చేశాను. నాన్నకు చెప్పకండి” అనెను.

“మేము చెప్పము బాబూ. నీవే చెప్పవలెను. మేము ప్రక్కన కూర్చుందుము” అంటిమి.

తెల్లవారగానే అతడు ఫోను చేసి సమస్తము ఒప్పుకొనెను. తండ్రి చాలసేపు పలుకలేదు. కడకు, “అన్నం తిన్నావా?” అని అడిగెను.

ప్రియులారా, ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

మొదటిది, తెలియని దానిని కల్పించుకొనకూడదు. చిన్న కుమారుడు తన ఆస్తిని దుర్వ్యాపారమువలన పాడుచేసెనని 13వ వచనములో ఉన్నది. వేశ్యల సంగతి అక్కడ లేదు. దానిని 30వ వచనములో పలికినవాడు ఇల్లు కదలని పెద్ద కుమారుడు. మెట్లమీద కూర్చున్న ఆ మూడు గంటలు మేమును ఆ పెద్ద కుమారుని స్థానములోనే యుంటిమి. మన ఊరి రచ్చబండయొద్దను ఇట్టి మాటలు పుట్టుట లేదా?

రెండవది, రాత్రి వేళ తోడులేనివాడు బలహీనుడు. కరవు వచ్చినప్పుడు ఆ కుమారునికి ఏమియు ఇచ్చువాడు లేకపోయెనని 16వ వచనము చెప్పుచున్నది. డబ్బుతో దొరికిన స్నేహము డబ్బుతోనే పోయెను. దానియేలు సంగతి వేరు. బబులోనులో అతనికి మూడు సంవత్సరముల చదువు నియమింపబడెను. రాజు బల్లయెదుటికి పోకమునుపే తన హద్దును హృదయములో నిర్ణయించుకొనెను. ఒంటరిగా కాక ముగ్గురు స్నేహితులతో నిలిచెను. తన కష్టమును దాచక అధికారికి వినయముగా చెప్పి, పది దినముల గడువు కోరెను.

మూడవది, తిరిగి వచ్చు త్రోవను మూయకూడదు. కుమారుడు సిద్ధపరచుకొన్న మాటలను తండ్రి కడవరకు చెప్పనియ్యలేదు. కూలివానిగా పెట్టుకొనుమను మాట అతని నోటనే నిలిచిపోయెను.

బిడ్డలు సాయంకాలము స్నేహితులతో సరూర్‌నగరు చెరువువైపు వెళ్లుట, టీ త్రాగుట, నవ్వుకొనుట పాపమని మేము చెప్పము. పగలంతయు చదివిన మనస్సుకు కొంత విశ్రాంతి కావలెను. అయితే బయటికి వెళ్లువాడు ఎక్కడికి పోవుచున్నాడో ఒకరికి చెప్పి వెళ్లవలెను. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలము దిల్‌సుఖ్‌నగరు బస్టాపు దగ్గర రెండు బాంబులు ప్రేలినప్పుడు అనేకులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో చదువుకొనవచ్చిన యువకులును ఉండిరి. వారు ఏ తప్పును చేయలేదు. అట్టి దినమున బిడ్డ ఎక్కడ నున్నాడో తెలియుట తల్లిదండ్రులకు ఎంత అవసరమో యోచించుడి.

తల్లిదండ్రులారా, ఫోనులో ముందుగా మార్కులు అడుగకుడి. భోజనము, నిద్ర, స్నేహితుల సంగతి అడుగుడి. తప్పితినని చెప్పుటకు మీ బిడ్డకు ధైర్యమున్నదా అని మిమ్మును మీరే పరీక్షించుకొనుడి. సంఘ పెద్దలారా, పట్టణములోనున్న మన బిడ్డల పేరులు వ్రాసికొని, నెలకొకసారియైనను వారిని పలుకరించుడి. నెగ్గినవారి కొరకు స్తోత్రము చేయు సంఘము తప్పినవారి కొరకును మోకరించవలెను. యౌవనులారా, దాచిన మాటయే మిమ్మును రాత్రులందు త్రిప్పును. దానిని ఒక్కరికైనను చెప్పుడి.

ఆ యౌవనుడు సంక్రాంతికి ఇంటికి వచ్చి, గుడిలో అందరియెదుట నిలిచి నిజము చెప్పెను. సాయంకాలములు చిన్న పిల్లలకు పాఠములు చెప్పి అప్పు తీర్చుకొనెను. నేడు మరల చదువుచున్నాడు. ఫలితము దేవుని చేతిలోనున్నది. ఇప్పుడతడు పది గంటలకు గదికి చేరుచున్నాడట.

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. పెద్ద కుమారుని మాటలలో అతడు కన్నులార చూచినదెంత, ఊహించినదెంత?
2. దానియేలునకు ముగ్గురు స్నేహితులవలన ఏమి మేలు కలిగెను?
3. మన సంఘమునుండి పట్టణమునకు వెళ్లినవారెవరు? ఈ వారము వారిలో ఎవరితో మాటలాడుదుము?