పూసల చిత్రము

సంక్రాంతి దినములలో వాకిట చుక్కల ముగ్గు వేయు గృహిణి మొదట చుక్కలను లెక్కించి పెట్టును. పిమ్మట వానిని కలుపుచు పోవును. ఒక వరుసలో ఒక చుక్క తక్కువైనచో ముగ్గు కుదురదు. అయినను చింత లేదు. చేతితో చెరిపి మరల వేయవచ్చును. ఇట్లే లెక్కతో నడచు మరియొక చేతిపని కలదు. అదియే పూసల చిత్రము. ఇందు చుక్కలకు బదులు రంగురంగుల పూసలు నిలుచును. కాని ముగ్గునకును దీనికిని ఒక భేదము కలదు. పూసల చిత్రమునకు కడపట వేడి తగులును. ఆ వేడి తగిలిన పిదప చెరుపుటకు గాని దిద్దుటకు గాని వీలు లేదు. కావున ఈ పనిలో చేతికంటె ముందు బుద్ధి నడువవలెను.

ఈ పనికి వాడు పూసలు పాలిథీన్ అను ప్లాస్టిక్కుతో చేసిన చిన్న గొట్టములు. వీనిని ఫ్యూజ్ బీడ్స్ అందురు. డెన్మార్కు దేశమువారు హామా అను పేరుతోను, అమెరికావారు పెర్లర్ అను పేరుతోను వీనిని తయారుచేయుచున్నారు. సామాన్యముగా వాడు పూస వెడల్పు ఐదు మిల్లీమీటర్లు. అందులో సగము వెడల్పుగల సన్నపూసలును కలవు. పూసలను నిలుపుటకు చిన్న చిన్న మొనలు వరుసగా పొడుచుకొని యుండు పలక కావలెను. తరచుగా వాడు చదరపు పలకలో వరుసకు 29 మొనల చొప్పున 29 వరుసలుండును. అనగా మొత్తము 841 మొనలు. ఒక్కొక్క మొనకు ఒక్కొక్క పూసను తొడిగినచో పలకపై బొమ్మ ఏర్పడును.

ఇట్టి బొమ్మకు కావలసిన నమూనాను నేడు కంప్యూటరు సహాయమున సిద్ధము చేయుచున్నారు. కంప్యూటరు తెరమీది చిత్రముకూడ చిన్న చిన్న చదరములతో ఏర్పడినదే. ఆ చదరమునకు పిక్సెల్ అని పేరు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అను శాస్త్రజ్ఞుడు తన పసికుమారుని ఛాయాచిత్రమును యంత్రముతో చదివించి, మొట్టమొదటిసారిగా ఒక ఛాయాచిత్రమును కంప్యూటరులోనికి ఎక్కించెను. అది ప్రక్కకు ఐదు సెంటీమీటర్లు గల చిన్న చిత్రము. దానిని ఆయన వరుసకు 176 గళ్ల చొప్పున 176 వరుసలుగా విభజించెను. మొత్తము గళ్లు 30,976. ఆ చిత్రమును ఐదు మిల్లీమీటర్ల పూసలతో చేయదలచినచో, ప్రక్క 88 సెంటీమీటర్లగును. పూసలు ముప్పదివేలకు పైగా కావలెను. కావున పూసలతో పనిచేయువారు చిత్రమును ఇంకను తక్కువ గళ్లలోనికి కుదింపవలెను. కుదించుట యనగా కొంత విడిచిపెట్టుట. ఏది విడువవలెను, ఏది నిలుపవలెను అని నిర్ణయించుటయే ఈ పనిలో మొదటి కష్టము.

ఒక రామచిలుక బొమ్మను తీసికొందము. దాని ఛాయాచిత్రమును కంప్యూటరునకు ఇచ్చి, 29 గళ్లకు కుదింపుమని ఆజ్ఞాపించినచో క్షణములో కుదించును. ఒక్కొక్క గడిలో పడిన రంగులన్నిటిని కలిపి సగటు తీయును. చిలుక దేహము పెద్దది కావున పచ్చదనము నిలుచును. ముక్కు కొంచెము చిన్నదైనను ఎఱ్ఱగా కనబడును. కాని మగచిలుక మెడచుట్టు నుండు గులాబిరంగు పట్టె ఒక గడికంటె సన్నము. దాని రంగు ప్రక్కనున్న పచ్చతో కలిసి మాసిన గోధుమరంగుగా మారిపోవును. కంటినిగూడ అదే గతి పట్టవచ్చును. యంత్రము సగటు తప్పక తీసినది; కాని చిలుకకు ఆ పట్టె అందమని దానికి తెలియదు. చిలుకను చూచినవాడు ఆ నమూనాను మరల పరిశీలించి, మెడవద్ద ఒక వరుస గులాబి గళ్లను తన చేతితో నింపవలెను. కంటికొక నల్లగడిని, దానిప్రక్క ఒక తెల్లగడిని ఉంచవలెను.

కొద్ది గళ్లతో ఎంత పని సాధింపవచ్చునో తెలుపు ఉదాహరణ మొకటి కలదు. 1981లో జపాను దేశపు నింటెండో సంస్థ డాంకీ కాంగ్ అను వీడియో ఆటను వెలువరించెను. అందలి నాయకుని బొమ్మను కల్పించిన షిగేరు మియమోటోకు లభించిన గళ్లు మిక్కిలి కొద్ది. అంత చిన్న ముఖమున నోరు గీయుట సాధ్యము కాకపోగా, ఆయన ముక్కు క్రింద మీసము పెట్టెను. జుట్టు చూపుట కష్టమగుటచే తలపై టోపీ పెట్టెను. ఆ బొమ్మయే మారియో అను పేర లోకప్రసిద్ధమైనది. పూసల చిత్రములు చేయువారికి నేటికిని అది ఇష్టమైన బొమ్మ. ఏలయనగా దానియందలి గడికొక పూస చాలును.

రూపము కుదిరిన పిదప రంగుల విషయము చూడవలెను. కంప్యూటరు ప్రతి రంగును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటి పాళ్లుగా, 0 మొదలు 255 వరకు గల అంకెలలో వ్రాసికొనును. ఈ లెక్కన కోటి అరువది యేడు లక్షలకు పైగా రంగులేర్పడును. పూసల పెట్టెలో అన్ని రంగులుండవు. కావున కంప్యూటరు ఒక్కొక్క గడి రంగునకు, మనయొద్దనున్న పూసలలో ఏ రంగు మిక్కిలి దగ్గరో లెక్కించి దానినే ఎన్నుకొనును. ఛాయాచిత్రమున నలువది రకముల పచ్చలున్నను, చిలుకకు రెండు పచ్చలు చాలును: దేహమునకు లేతది, రెక్కకు ముదురుది.

పిమ్మట జాబితా వ్రాయవలెను. లేతపచ్చ 196, ముదురుపచ్చ 58, ఎఱుపు 21, గులాబి 12, నలుపు 9, తెలుపు 1, మొత్తము 297 అని తేలినదనుకొందము. పని నడుమ పూసలు చాలక నిలిచిపోకుండుటకు ప్రతి రంగులోను కొన్ని పూసలు ఎక్కువగా ఉంచుకొనవలెను. బొమ్మ ఒక పలకకు మించినచో నమూనాపై 29 గళ్లకొక గీత గీచి, పలకలకు వరుస సంఖ్యలు వేయవలెను.

ఇంకొక పరీక్ష మిగిలి యున్నది. పూస గుండ్రనిది. ప్రక్కప్రక్కనున్న రెండు పూసలు ఒకదానినొకటి తాకును, వేడికి అంటుకొనును. మూలకు మూలగా నున్న పూసల నడుమ ఎడముండును. వాని కేంద్రముల మధ్య దూరము ఐదు కాదు, సుమారు ఏడు మిల్లీమీటర్లు. కాగితముపై అట్టి గళ్లు కలిసినట్లే కనబడును. పలకపై పూసలు కలియవు. చిలుక తోకను ఏటవాలుగా, ఒంటి వరుస మెట్లవలె గీచినచో, పలకనుండి తీయగానే అది ముక్కలై రాలిపోవును. కావున తోకను రెండు గళ్ల వెడల్పున గీయవలెను. బొమ్మపై అక్షరములున్నచో, ఏ వైపు పైకి కనబడవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. రెండవ వైపున అక్షరములు అద్దములోవలె తిరుగబడును.

ఇంతవరకు ఏ తప్పునైనను దిద్దవచ్చును. పట్టకారుతో ఒక పూసను తీసి మరియొకటి పెట్టుట క్షణమాత్రపు పని. కావున వేడి తగులుటకు ముందు పలకను దూరమునుండి ఒకసారి చూడవలెను. నమూనాతో వరుసవరుసకు పోల్చవలెను.

తరువాతి పని పెద్దల సమక్షమున జరుగవలెను. పూసలపై బేకింగ్ పేపరు పరచి, ఆవిరి లేని ఇస్త్రీపెట్టెను మధ్యరకపు వేడితో, అదిమిపెట్టక, గుండ్రముగా మెల్లగా త్రిప్పవలెను. పాలిథీన్ 1933లో ఇంగ్లండునందు కనుగొనబడినది. అది పొడవైన గొలుసులవంటి అణువులతో ఏర్పడిన పదార్థము. సుమారు 110 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మెత్తబడగా, ఒక పూసలోని గొలుసులు ప్రక్క పూసలోని గొలుసులతో పెనవేసికొనును. చల్లారగానే అట్లే బిగిసిపోవును. వేడి ఎక్కువైనచో పూసల రంధ్రములు పూడిపోవును, పలకయు వంకరపోవును. తక్కువైనచో బొమ్మ విడిపోవును. ఒక వైపు అంటుకొనిన పిదప, వంగకుండ బరువైన పుస్తకము నుంచి చల్లార్చి, రెండవ వైపునను అట్లే చేయవలెను. పూసలు పసిపిల్లల గొంతున అడ్డుపడవచ్చును కావున, పని ముగియగానే వానిని ఏరి భద్రపరుపవలెను.

బిగిసిన బొమ్మను మరల వేడిచేసినచో కరగును గాని, పూసలు తమ తొలిరూపమునకు రావు. పాడైన బొమ్మ త్వరగా మట్టిలో కలియు పదార్థమును కాదు. పోచంపల్లి నేతగాడు గళ్ల కాగితముపై నమూనా గీచికొని, దాని ప్రకారము నూలునకు కట్లు కట్టి రంగులో ముంచును. ముంచిన పిదప తప్పును వెనుకకు తీసికొనలేడు. అతని ఓర్పు ఎట్టిదో పూసలు గ్రుచ్చు బాలుని ఓర్పు అట్టిదే కావలెను. దిద్దుటకు సమయమున్నప్పుడే దిద్దుకొనువాని బొమ్మ నిలుచును.

ప్రశ్నలు

1. ముగ్గునకును పూసల చిత్రమునకును గల భేదమేమి?
2. చిలుక మెడలోని పట్టె కంప్యూటరు నమూనాలో ఎందుకు మాయమైనది?
3. ఏటవాలుగా గీచిన ఒంటి వరుస పూసలు ఎందుకు నిలువవు?
4. 58 వరుసలు, వరుసకు 58 గళ్లు గల నమూనాను పూర్తిగా నింపుటకు ఎన్ని పలకలు, ఎన్ని పూసలు కావలెను?