ఆరోగ్య నిబంధనలు: అమెరికా ఎందుకు కాదంది?

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల సవరణలను 2024 జూన్ 1న జెనీవాలో 77వ ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించింది. ‘మహమ్మారి అత్యవసర స్థితి’ అనే కొత్త హెచ్చరిక స్థాయి వీటిలో కీలకం. దేశ సార్వభౌమాధికారానికి, పౌరుల స్వేచ్ఛకు ముప్పంటూ 2025 జూలై 18న అమెరికా వీటిని తిరస్కరించింది. ఆ ప్రకటన చేసింది ఆరోగ్య మంత్రి రాబర్ట్ కెన్నెడీ జూనియర్, విదేశాంగ మంత్రి మార్కో రూబియో. ఈ భయం కొంత అతిగానే తోస్తుంది. చట్టాలు చేసుకునే సార్వభౌమ హక్కు దేశాలదేనని ఈ నిబంధనల 3వ అధికరణమే చెబుతోంది. ఏ దేశంలోనూ లాక్‌డౌన్ విధించే అధికారం ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ)కు లేదు.

పోటీ పరీక్షల అభ్యర్థులు తికమకపడేది మరోచోట. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, ఇక్కడది పూర్తి అంగీకారమే! డబ్ల్యూహెచ్‌ఓ రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, గడువులోగా కాదనని సభ్యదేశానికి నిబంధనలు వర్తిస్తాయి. తాజా సవరణలు 2025 సెప్టెంబర్ 19న అమల్లోకి వచ్చాయి.