శరత్కాలపు పూవు – పరిమళపు సీసా

దసరాకు ముందు మన సభ్యుడొకరు దిల్‌సుఖ్‌నగరులో కొన్న చిన్న సీసానొకదానిని నాకు చూపి యిట్లడిగెను: “అయ్యా, దీనిపై శరత్కాలపు పూల వాసనయని వ్రాసియున్నది. ఆ పూలు నా చేనిలోనే యున్నవి. నాలుగు బుట్టలమ్మినను ఈ సీసా వెల రాలేదు. మనమే అత్తరు తీసిన నేమి?”

ఈ ప్రశ్న ఒక్కరిది కాదు. సాగరు దారిని ఇబ్రహీంపట్నము వైపునుండియు, విజయవాడ దారిని హయత్‌నగరు వైపునుండియు ఎల్.బి. నగరు కూడలికి పూలు తెచ్చు రైతులందరిదిని. కావున దీనికి సమాధానము లెక్కతో చెప్పెదను.

సీసాలో నేమున్నది? అందలి ద్రవములో హెచ్చుభాగము మద్యసారము. తక్కినది సుగంధ ద్రవ్యము. అందును చాలవరకు రసాయనశాలలో కూర్చినదే యగుచుండును. మూత తీయగానే తోచు వాసన యొకటి, కొంతసేపటికి తోచునది యొకటి, బట్టపై మరునాటివరకు నిలుచునది యొకటి. ఈ మూటిని పొందుపరచుటయే పరిమళకారుని విద్య. సీసాపై చామంతి బొమ్మ యున్నంత మాత్రమున చామంతిని ఎవరో కొనిరని భావింపరాదు. సీసా వెలలో పనితనము, గాజు, ప్రకటన, అంగడి అద్దె కలిసియున్నవి. పూవు పాలు స్వల్పము.

అట్లని శరత్కాలమున నిజమైన పరిమళపుష్పములు లేవని కాదు. చీనా దేశమున ఈ ఋతువునందు పూచు ఆస్మాంథస్ అను చిన్న పూవునుండి విలువైన సుగంధము తీయుదురు. మన పెరటి పారిజాతమును, మల్లెయు ఆ కుటుంబమునకు చెందినవే. పారిజాతము సంజవేళ విచ్చి తెల్లవారుసరికి రాలిపోవును. పూవు వాసన యెంత త్వరగా ఎగిరిపోవునో తెలియుటకు ఆ చెట్టు క్రింద ఒక ఉదయము నిలిచిన చాలును.

వాసన తీయు విధములు ముఖ్యముగా రెండు. మొదటిది బట్టీపట్టుట. కనౌజు పట్టణమున రాగిపాత్రలో పూలను నీటితో కాచి, ఆ ఆవిరిని వెదురుగొట్టము ద్వారా చందనతైలమున్న పాత్రలోనికి పంపి చల్లార్తురు. ఇదియే అత్తరు. గులాబీ, మొగలి వంటివి ఈ పద్ధతికి తగును. రెండవది ద్రావకముతో తీయుట. మల్లె, నేలసంపెంగ పూల సున్నితమైన వాసన కాచిన చెడును. అందుచే హెక్సేను వంటి ద్రవములో నానబెట్టి మైనమువంటి ముద్దను తీయుదురు. వర్తకులు దానిని కాంక్రీటందురు. ఇండ్లు కట్టు కాంక్రీటు వేరు. హెక్సేను నిప్పు తగిలిన భగ్గున మండును. ఇది ఇంటి పెరటిలో చేయు పని యెంతమాత్రము కాదు.

ఇక లెక్క. మనము లిల్లీ యని అమ్ము నేలసంపెంగ పూలు 1,000 కిలోలనుండి సుమారు 1 కిలో ముద్ద మాత్రమే వచ్చును. కావున ఆ దినమున కిలో పూల ధరను వేయితో గుణింపుడు. కిలో 40 రూపాయలనుకొన్నచో పూల ఖరీదే 40,000 రూపాయలగును; యంత్రము, ద్రావకము, కూలి దీనికి పైని. ముద్ద కొనువాడు ఇంతకంటె తక్కువ యిచ్చునెడల ఆ పూలను పూలుగా అమ్ముటయే లాభము.

బతుకమ్మ తొమ్మిది దినములు పూలకు గిరాకి యుండును. గురువారములందు దిల్‌సుఖ్‌నగరు సాయిబాబా గుడియొద్ద ఎట్లును అమ్ముడగును. చిక్కు వచ్చునది పండుగ గడచిన పిమ్మట, పూలు రాశులు పడి ధర పడిపోయినప్పుడు. రోడ్డు ప్రక్కన పారబోయు ఆ పూలకే పరిమళశాల ఆధారము కావలెను. దానిని నమ్మి పండుగ అమ్మకము మానుకొనరాదు.

ఆ ఉద్దేశముతో సాగుచేయువారు ఈ క్రింది విషయములు గమనింతురు గాక.

1. ఒంటిరేకుల నేలసంపెంగనే నాటవలెను. ముద్దరకము చూపునకు బాగుండును గాని పరిమళమునకు ఒంటిరేకులదే మేలు. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి ప్రజ్వల్, శృంగార్ రకములు ఇట్టివి.

2. నీరు నిలువని నేలలో జూన్, జూలై మాసములందు 30 సెం.మీ. వరుసలలో, 20 సెం.మీ. ఎడముగా దుంపలు నాటిన, మూడు నాలుగు నెలలకు, అనగా శరత్తునకు, పూత వచ్చును. నీరు నిలిచిన దుంప కుళ్లును.

3. దండకు మొగ్గ కావలెను. పరిమళమునకు విచ్చిన పూవు కావలెను. కొనువాడెవడో తెలిసికొనియే కోయవలెను. కోత తెల్లవారుజామున ముగియవలెను.

4. కోసిన పూలను తడి గోనెలో అదిమి కట్టరాదు. గాలియాడు వెదురుబుట్టలలో ఉంచి నాడే చేర్పవలెను. కర్మాగారము దూరమైన, దారిలోనే వాసన పోవును.

బట్టీ పెట్టవలెనను కోరిక గలవారు పూలతో గాక నిమ్మగడ్డి, పామరోజా గడ్డితో ఆరంభించుట క్షేమము. ఆ గడ్డి ఆవిరి బట్టీకి తగినది. బోడుప్పల్‌లోని కేంద్రీయ ఔషధ సుగంధ మొక్కల పరిశోధన సంస్థ శాఖలో ఈ విషయమున సలహా అడుగవచ్చును.

ఎవరైనను వచ్చి “ముందు యంత్రము కొనుడు, తైలమంతయు మేమే కొందుము” అనిన, ధర, తూకము, గడువు కాగితముమీద వ్రాయించుకొని సంఘ కార్యదర్శికి చూపకుండ పైకము చెల్లింపకుడు. ఒక్క రైతు పది కిలోల పూలతో వెళ్లిన బేరము వర్తకునిది. నూరుగురు రైతుల పూలు సంఘము పేర ఒక్క తూకమున నిలిచిన బేరము మనది.

సీసా తెచ్చిన సభ్యునికి నేనీ లెక్క చెప్పగా, ఆయన కొంతసేపు ఆలోచించి, బట్టీకని దాచిన పైకముతో దుంపలు కొందుననెను. అది మంచి ఆరంభమని నా అభిప్రాయము.