పంజరపు పక్షికి క్రొత్త మేత

ఇటీవలి సంవత్సరములలో మేము గ్రామములకు పోయినపుడు ఒక క్రొత్త దృశ్యము తరచుగా మా కంటబడుచున్నది. పాఠశాల వసారాలోనో, అంగన్‌వాడీ కేంద్రపు గుమ్మము ప్రక్కనో, కొన్నిచోట్ల పంచాయతీ కార్యాలయపు అరుగు మీదనో ఇనుప తీగల పంజరము ఒకటి వ్రేలాడుచుండును. అందులో ఆకుపచ్చవి, పసుపుపచ్చవి, నీలివి, చిన్న చిన్న పక్షులు నాలుగో ఆరో కిచకిచలాడుచుండును. పిల్లలకు వానిమీద ఎంత మక్కువయో చెప్పనక్కరలేదు. అయితే ఏడాది తిరుగునప్పటికి ఆ పంజరములు పలుచోట్ల ఖాళీ అగుచున్నవి. కారణమడిగినచో కొందరు దిష్టి యందురు, కొందరు ఎండ యందురు. మేత సంగతి తలపెట్టువారు తక్కువ. గిన్నె నిండ గింజలున్నవి గదా, మేతకేమి లోటని వారి నమ్మకము.

ఈ పక్షులను అందరును లవ్ బర్డ్స్ అని పిలుచుచున్నారు. నిజమునకు ఆ పేరు ఆఫ్రికా ఖండపు వేరొక చిలుకలది. మన సంతలలో విశేషముగా అమ్ముడుపోవునవి ఆస్ట్రేలియా దేశపు బడ్జెరిగార్ చిలుకలు. పెంచువారు బడ్జీలు అందురు. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని సజీవముగా ఇంగ్లండుకు కొనిపోయెను. నాటినుండి ఇవి తరతరములుగా పంజరములలోనే పుట్టి పెరుగుచున్నవి. ఒక్కొక్కటి తూగునది 30 నుండి 40 గ్రాములు మాత్రమే.

ముందుకు పోవుటకు పూర్వము సభ్యులకు ఒక హెచ్చరిక చేయవలసియున్నది. రామచిలుక, గోరింక, గువ్వ మొదలగునవి మన దేశపు స్వేచ్ఛా పక్షులు. వీనిని పట్టుట, అమ్ముట, పంజరములో ఉంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించినది కూడ. అయినను చెట్టు తొర్రలలోని పిల్లలను దించి సంతకు తెచ్చువారు లేకపోలేదు. అట్టి పంజరము గ్రామములో కనబడినచో అటవీశాఖ వారికి తెలుపవలెనే గాని దానికి మేత నేర్పుటకు పూనుకొనరాదు. మేమిచట చెప్పునదంతయు పంజరములో పుట్టిన విదేశీ పక్షులను గూర్చియే. వీనిని జాలిపడి బయట వదలుటయు మేలు కాదు. మన చెట్లు, మన కాకులు, మన ఎండలు వీనికి తెలియవు.

ఇక మేత విషయము. సంతలో పక్షులతోపాటు ఒక పొట్లము గింజలు కట్టి యిత్తురు. అందులో కొర్రలు ప్రధానము. సామలు, వరిగలు, సజ్జలు కొద్దిగా కలిసియుండును. మన తాతలు అన్నముగా తినిన కొర్రలు మన కంచములకు దూరమై, పక్షుల గిన్నెలలో మాత్రము నిలిచియుండుట ఒక వింత. గింజలు మంచివే. ఆస్ట్రేలియా మైదానములలో ఈ పక్షులు తినునవియు గడ్డిగింజలే. కాని అచట అవి పాలుపట్టిన పచ్చి గింజలను, లేత చిగుళ్లను గూడ తినును. దినమెల్ల మైళ్ల కొలది ఎగురును. పంజరములోని పక్షికి ఎండుగింజ తప్ప వేరొకటి లేదు, రెక్క చాచుటకు మూరెడు చోటు లేదు. అందుచే క్రొవ్వు కాలేయములో చేరును. ఎండుగింజలలో ఎ విటమిను మిక్కిలి తక్కువగుటచే ముక్కు, నోరు, గొంతులలోని పలుచని పొరలు దెబ్బతిని రోగములకు త్రోవ యిచ్చును. సున్నపు ధాతువు చాలక ఆడపక్షి గ్రుడ్డు పెట్టలేక అడ్డుపడి చనిపోవుట కలదు. అయోడిన్ లోపించినచో మెడ అడుగు భాగమున గ్రంథి వాచి శ్వాసనాళమును నొక్కును; అప్పుడు పక్షి ఊపిరి తీసినపుడెల్ల కీచుమను శబ్దము వినబడును. మనుష్యులకు అయోడిన్ ఉప్పు ఉన్నది గదాయని పక్షికి ఉప్పు పెట్టరాదు. అంత చిన్న దేహమునకు ఉప్పు విషముతో సమానము.

కావున ఆకుకూర, క్యారెట్, మొలకెత్తిన గింజ మొదలగువానిని అలవాటు చేయుట అవసరము. ఇబ్బంది ఇచటనే వచ్చుచున్నది. కొత్తిమీర పెట్టితిమి, ముట్టలేదు. క్యారెట్ పెట్టితిమి, భయపడి మూలకు పోయినది. మొండి పక్షి, దానికి గింజలే రుచి, అని చెప్పి మానుకొనుచున్నారు.

అది మొండితనము కాదు. గుంపులో బ్రతుకు చిన్న పక్షికి ఎరుగని వస్తువును నోట పెట్టకుండుటయే ప్రాణరక్షణ. గూడు విడిచిన క్రొత్తలో తండ్రిపక్షి నోటినుండి తినినది, తోటి పక్షులు తినగా చూచినది, అంతవరకే దానికి ఆహారము. తక్కినదంతయు అనుమానాస్పదమే. ఎర్రని క్యారెట్ ముక్క దాని కంటికి తిండిగా తోచదు. పంజరములోనికి వచ్చిన క్రొత్త వస్తువుగా మాత్రమే తోచును. మనలో ఎన్నడును చూడని కాయను ఎవరో పళ్లెములో పెట్టి యిచ్చినచో వెంటనే కొరుకువారు ఎందరు?

ఆకలి రుచి ఎరుగదను సామెతను నమ్మి కొందరు గింజల గిన్నెను పూర్తిగా తీసివేయుచున్నారు. రెండు దినములు కడుపు మాడినచో అదియే తినునని వారి ఊహ. ఈ సామెత మనుష్యుల విషయమున చెల్లునేమో గాని 35 గ్రాముల పక్షి విషయమున చెల్లదు. దాని గుండె మిక్కిలి వేగముగా కొట్టుకొనును. దేహమున నిలువ స్వల్పము. ఒక పగలు, ఒక రాత్రి తిండి లేకపోయినచో ప్రమాదము; రెండవ దినమునకు ప్రాణము పోవచ్చును. ఎరుగని ఆహారము ఎదుటనున్నను ముట్టక ఆకలితోనే చనిపోవు పక్షులున్నవి. పాత మేతను మాన్పించి క్రొత్త మేత నేర్పరాదు. పాతదానిని ఉంచియే నేర్పవలెను.

గిన్నె నిండుగా కనబడుట వేరు, గింజలుండుట వేరు. ఈ పక్షి గింజను ముక్కుతో ఒలిచి పప్పు తిని పొట్టును మరల గిన్నెలోనే రాల్చును. మేమెరిగిన ఒక గ్రామమున వేసవి సెలవులలో బడి పంజరమును ఒక ఇంటివారికి అప్పగించిరి. వారు శ్రద్ధగలవారే, ఉదయము, సాయంత్రము తొంగిచూచి, గిన్నె నిండియున్నదని తృప్తి పడిరి. అయిదవ దినమున రెండు పక్షులు పంజరపు అడుగున పడియుండెను. గిన్నెను చేతిలోనికి తీసికొని ఊదగా గింజ ఒక్కటి లేదు, అంతయు పొట్టే. బడి తెరచిన దినమున పిల్లలకు ఏమి చెప్పవలెనో తెలియక ఆ ఇంటి ఇల్లాలు ఎంతో బాధపడినది. ఆ దోషము ఆమెది కాదు. ఊది చూడవలెనని ఆమెకు చెప్పినవారు లేరు.

క్రొత్త మేత నేర్పుటకు అనువైన వేళ తెల్లవారుజాము. రాత్రి చీకటిలో ఈ పక్షులు తినవు గనుక ఉదయము కొద్దిపాటి ఆకలి సహజముగనే ఉండును. అప్పుడు ముందుగా క్రొత్త మేతను పెట్టి, గంటకు మించకుండ గింజల గిన్నెను కూడ అమర్చవలెను. ఒక్కొక్క పక్షికి దినమునకు సుమారు రెండు చిన్న చెంచాల గింజలు చాలును.

ఎరిగిన దానినుండి ఎరుగనిదానికి వంతెన కట్టుట ఇందలి కిటుకు. మన ప్రాంతమున అందుకు కొర్రకంకి కంటె మంచి సాధనము లేదు. పొలమునుండి కోసిన కంకిని పంజరములో కట్టినచో ఎంతటి పిరికి పక్షియైనను ఒకటి రెండు దినములలో దానిపై వ్రాలును. కొర్రలు ఇప్పటికిని సాగుచేయు అనంతపురము, కర్నూలు ప్రాంతముల వారికి ఇది కష్టము కాదు. పక్షి కంకికి అలవడిన పిమ్మట దానితో కలిపి రెండు కొత్తిమీర కాడలు కట్టవలెను. గింజకొరకు పొడిచిన ముక్కు ఆకును తాకును. తాకిన ఆకును నమలును. అంతే.

మొలకెత్తిన గింజ రెండవ వంతెన. పొట్టుతీయని కొర్రలను రాత్రి నానవేసి, ఉదయము రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, తడిగుడ్డలో మూటకట్టి ఉంచినచో మరునాటికి తెల్లని మొలక తొంగిచూచును. దుకాణములలో దొరకు కొర్రబియ్యము మొలకెత్తదు, పొట్టుతోనున్నవే కావలెను. ఈ తడి గింజలలో సన్నగా తరిగిన మునగాకుగాని, తురిమిన క్యారెట్‌గాని చిటికెడు కలుపవలెను. తురుము గింజకు అంటుకొని లోనికి పోవును. నాలుగైదు దినములకొకమారు ఆ చిటికెడును కొద్దికొద్దిగా పెంచవచ్చును. మన వేసవిలో తడి మేత రెండు గంటలలో పులియును. పులిసిన వాసన వచ్చినచో పారవేయుటకు సందేహింపరాదు.

ఆకుకూరను గిన్నెలో వేయుటకంటె నీటిలో ముంచి, తడితడిగా తీగకు వ్రేలాడదీయుట మేలు. బడ్జీలకు తడి ఆకులపై దొర్లి స్నానము చేయు అలవాటు కలదు. స్నానమునకు వచ్చినది కొరుకక పోదు. ఒక పంజరములో ఒక్క పక్షి తినుట మొదలుపెట్టినచో తక్కినవి చూచి నేర్చును. ఒంటరి పక్షి ఎదుట మనమే ఆ ఆకును నోట పెట్టుకొని నమలి చూపుటయు ఉపాయమే. చూచువారు నవ్వవచ్చును గాని ఇది పలుమారు ఫలించినది. పది దినములు ముట్టలేదని మానరాదు. కొన్నిటికి నెల పట్టును, వయసు మీరినవానికి అంతకంటె ఎక్కువ పట్టును. ఎప్పటికప్పుడు ఒకే క్రొత్త వస్తువు, ఒకే చోట, ఒకే వేళ పెట్టవలెను. దినమునకొక రకము మార్చినచో దానికి ఏదియు పరిచయము కాదు.

మునగాకు, మెంతికూర, కొత్తిమీర, క్యారెట్, తీపి గుమ్మడి ప్రశస్తము. పాలకూర అప్పుడప్పుడు చాలును. అందలి ఆమ్లము సున్నపు ధాతువును వంటబట్టనీయదు. ఆ ధాతువు కొరకు మూలికల దుకాణములలో దొరకు సముద్రపు నురుగు ముక్కను తీగకు కట్టినచో పక్షి తనకు కావలసినంత గీకుకొనును. పొద్దుతిరుగుడు గింజలలో నూనె మెండు. వానిని మరిగిన పక్షి వేరొకదానిని చూడదు గనుక చేతికి మచ్చిక చేయుటకు ఒకటి రెండు మాత్రమే వాడవలెను. చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, వెన్నపండనబడు అవకాడో ఎట్టి పరిస్థితిలోను పెట్టరాదు. వచ్చినవారి ముచ్చట కొరకు కారపు మిక్చరు తినిపించువారిని మేము చూచియున్నాము. దానిని సభ్యులు వారింపవలెను. పత్తి, మిరప చేల గట్లపై కోసిన ఆకు ఎంత పచ్చగానున్నను పనికిరాదు. పురుగుమందు తుంపర మనకు కనబడదు. దొడ్డిలో మందు కొట్టని చెట్టు ఆకును కడిగి వాడవలెను.

పక్షి తినుచున్నదో, తినుచున్నట్లు నటించుచున్నదో తెలియుటకు రెండు గురుతులున్నవి. ఒకటి రెట్ట. పంజరపు అడుగున ప్రతి ఉదయము తెల్లకాగితము పరచవలెను. రెట్టల సంఖ్య తగ్గి, చిన్నవై, నల్లని ఆకుపచ్చగా మారినచో కడుపులో తిండి లేదని అర్థము. రెండవది బరువు. గ్రామములో కంసాలివారి త్రాసు ఉండనే యున్నది. చిన్న డబ్బాలో పక్షిని ఉంచి తూచి, డబ్బా బరువు తీసివేసినచో సరిపోవును. మేత మార్చు కాలములో రెండు మూడు దినములకొకమారు, వీలైనచో ఒకే వేళకు తూచవలెను. 35 గ్రాముల పక్షి మూడు నాలుగు గ్రాములు తగ్గినచో, అనగా పదియవ వంతు పోయినచో, ప్రయత్నము నాపి పాత గింజలనే ధారాళముగా పెట్టి పశువైద్యుని సలహా పొందవలెను. ఈకలు ఉబ్బించి, కన్నులు మూసి కూర్చున్న పక్షికి, గ్రుడ్లపై నున్న పక్షికి, నిన్న సంతనుండి వచ్చిన పక్షికి క్రొత్త పాఠము మొదలుపెట్టరాదు. క్రొత్తగా వచ్చినదానికి రెండు వారములు అమ్మినవాడు పెట్టిన మేతయే పెట్టవలెను. అందుకై కొనునపుడే ఆ గింజలు ఒక కిలో అడిగి తెచ్చుట మంచిది. గూడు విడిచి కొద్ది వారములైన పిల్లపక్షి పెద్దదానికంటె త్వరగా నేర్చును.

బడిలోను, కార్యాలయములోను పంజరమున్న గ్రామములలో సెలవుల ఏర్పాటును పంచాయతీ సభ్యులు ముందుగనే చూడవలెను. ఎవరింట ఉంచుదురో, వారు ఊరికి పోయినచో ఎవరు చూతురో నిర్ణయించి, ఒక అట్టముక్కపై పక్షి బరువు, గింజల కొలత, గిన్నెను దినమునకు రెండుమారులు ఊదవలెనను మాట పెద్ద అక్షరములతో వ్రాయించి పంజరమునకు కట్టింపవలెను. వ్రాత పని ఆరవ తరగతి పిల్లలకు అప్పగించినచో వారే రోజూ వచ్చి చదివి వినిపింతురు.