శిలీంధ్ర జీనోములలో జన్యు నిర్మాణ అంచనా, ప్రయోగశాల నిర్ధారణ: వేరుశనగ అఫ్లాటాక్సిన్ జన్యువులు

వేరుశనగ కాయ ఊరే దశలో బెట్టకు గురైతే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం గింజను ఆశించి అఫ్లాటాక్సిన్‌ను ఉత్పత్తి చేస్తుంది. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములకు మించరాదని ఐరోపా సమాఖ్య నిబంధన. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, సహ పరిశోధకులు 2018లో వెలువరించిన పరిశోధనలో ఈ విష సంశ్లేషణకు అవసరమైన ఏఎఫ్ఎల్-ఎం, ఏఎఫ్ఎల్-పి జన్యువులను వేరుశనగ మొక్క ద్వారానే నిశ్శబ్దపరచారు. మొక్కలో తయారైన చిన్న ఆర్ఎన్ఏ తునకలు శిలీంధ్రంలో తమకు సరిపోలే సందేశక ఆర్ఎన్ఏను నశింపజేయడం ఈ పద్ధతికి ఆధారం. పలు వరుసలలో అఫ్లాటాక్సిన్ అత్యల్ప స్థాయికి పడిపోయింది.

ఇక్కడ దాడి జరిగేది ఇంట్రాన్లు తొలగిన పరిపక్వ సందేశక ఆర్ఎన్ఏపై. ఎక్సాన్‌గా భ్రమించి ఇంట్రాన్ భాగాన్ని ఎంచుకుంటే, దాని నుండి పుట్టిన తునకలకు లక్ష్యమే ఉండదు. జన్యుమార్పిడి మొక్కలు పెరిగి కాయ కాచి, గింజలను పరీక్షించేవరకు ఆ లోపం బయటపడకపోవచ్చు.

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ జీనోము సుమారు 37 మెగాబేసులు. అందులో దాదాపు 12,000 జన్యువులు ఇరుకుగా అమరి ఉన్నాయి. కంప్యూటర్ ప్రోగ్రాములు పొరుగు జన్యువులు రెండింటిని ఒకటిగా కలిపివేయడం అరుదు కాదు. ఇంట్రాన్లు అధికభాగం 50 నుండి 100 న్యూక్లియోటైడ్ల లోపువే. జీటీతో మొదలై ఏజీతో ముగుస్తాయి. 60 న్యూక్లియోటైడ్ల ఇంట్రాన్‌ను ప్రోగ్రాము గుర్తించలేదనుకొందాం. 60 మూడుచే భాగింపబడుతుంది. మధ్యలో విరామ సంకేతం లేకుంటే పఠన క్రమం చెదరదు. 20 అమైనో ఆమ్లాలు అదనంగా గల ప్రోటీన్ కాగితంపై సహజంగానే కనిపిస్తుంది. ఇటువంటి తప్పులే ప్రమాదకరమైనవి.

నిర్ధారణకు ఇంట్రాన్‌కు ఇరువైపుల ఎక్సాన్లలో ప్రైమర్లను రూపొందించి, జీనోమిక్ డీఎన్ఏ, సీడీఎన్ఏ రెండింటిపై పీసీఆర్ చేయాలి. మొదటిదానిలో 410, రెండవదానిలో 350 బేసుల ఉత్పత్తి వస్తే 60 బేసులు తొలగినట్లే. సరిహద్దు ఖచ్చితంగా ఎక్కడో సీక్వెన్సింగ్ తెలుపుతుంది. ఆర్ఎన్ఏను సేకరించే పరిస్థితి కూడా ముఖ్యమే. 37 డిగ్రీల సెల్సియస్ వద్ద శిలీంధ్రం ఏపుగా పెరిగినా అఫ్లాటాక్సిన్ ఉత్పత్తి బాగా తగ్గుతుంది. 28–30 డిగ్రీల వద్ద చక్కెర గల మాధ్యమంలో పెంచిన కల్చరు అనుకూలం. సరికాని కల్చరులో ఉత్పత్తి రానంతమాత్రాన జన్యు నమూనా తప్పని తీర్మానించరాదు.

ఈ సమూహపు నియంత్రక జన్యువు ఏఎఫ్ఎల్-ఆర్‌లో ఇంట్రాన్ లేదు గనుక పరిమాణ భేదం అక్కరకు రాదు. ఆర్ఎన్ఏను డీఎన్ఏజ్‌తో శుద్ధిచేసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కలపని నమూనాను పక్కనే నడపడం అక్కడ తప్పనిసరి.