హార్మోన్లు నార్మల్‌.. మరి జుట్టెందుకు రాలుతోంది?

ప్రశ్న: నా వయసు 26. రెండేళ్లుగా నుదుటి పక్కల, మాడు మీద జుట్టు పలచబడుతోంది. హార్మోన్ పరీక్షలన్నీ నార్మల్ అన్నారు. వేములవాడలో గుండు చేయించుకున్నా ఒత్తుగా రాలేదు. గంధం వాసనతో జుట్టు పెరుగుతుందంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: రిపోర్టు నార్మల్‌గా రావడంలో వింతేమీ లేదు. బట్టతల వచ్చే మగవాళ్లలో చాలామందికి టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంటుంది. తేడా అంతా వెంట్రుక కుదుళ్లలోనే. కుదురు అడుగున ఉండే కణాల్లో ఆండ్రోజన్ రిసెప్టర్లుంటాయి. టెస్టోస్టిరాన్ ఒక ఎంజైమ్ వల్ల డీహెచ్‌టీగా మారి వాటికి అతుక్కుంటుంది. దాంతో మాడు మీది కుదుళ్లు చిక్కిపోతాయి. ఏళ్ల తరబడి పెరగాల్సిన వెంట్రుక నెలల్లోనే రాలి, దాని స్థానంలో నూగు మొలుస్తుంది. చిత్రమేమిటంటే అదే డీహెచ్‌టీ గడ్డాన్ని దట్టంగా పెంచుతుంది, తల వెనక జుట్టును దాదాపు ముట్టుకోదు. వెనక కుదుళ్లను తీసి ముందు నాటినా అవి తమ గుణం మార్చుకోవు. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ నిలబడేది అందుకే.

ఈ రిసెప్టర్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అంటే మగపిల్లలకు తల్లి నుంచే వస్తుంది. నాన్న వైపు జన్యువుల పాత్రా ఉంది కానీ, మేనమామల తలలు కూడా ఓసారి గమనించండి.

గుండు సంగతికొస్తే, కత్తి చర్మం పైనున్న వెంట్రుకనే తీస్తుంది. కుదురు లోపల ఎలా ఉందో అలాగే ఉంటుంది. మొక్కు తీర్చుకోండి, దాన్నుంచి వైద్యం ఆశించకండి.

గంధం మాట పూర్తిగా కల్పితం కాదు. ముక్కులో వాసన పట్టే రిసెప్టర్ల జాతికి చెందిన ఓఆర్‌2ఏటీ4 మన కుదుళ్లలోనూ ఉంది. శాండలోర్ అనే కృత్రిమ గంధపు పరిమళం తగిలితే ప్రయోగశాలలో ఉంచిన మనిషి కుదుళ్లు పెరిగే దశలో ఎక్కువ కాలం నిలిచాయని 2018లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. ఆ పరిశోధకులు వాడింది చందనం నూనె కాదు. గంధపు చెక్క అరగదీసి తలకు పట్టిస్తే అదే ఫలితం వస్తుందనుకోవద్దు.

ముందు ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, మీకు అందుబాటులో ఉన్న చర్మవైద్యుల దగ్గర గానీ చూపించుకోండి. ఈ మధ్య టైఫాయిడ్, డెంగీ వచ్చి ఉంటే చెప్పండి, జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకూ జుట్టు ఊడుతుంది. మీరు చెప్పిన తీరు చూస్తే మాత్రం వంశపారంపర్య బట్టతలే అనిపిస్తోంది. దీనికి సాధారణంగా 5 శాతం మినాక్సిడిల్ రాయమంటారు. మొదటి వారాల్లో జుట్టు ఇంకా రాలొచ్చు. కంగారుపడి మానేయకండి, కనీసం నాలుగైదు నెలలు వాడాలి. ఫినాస్టెరైడ్ మాత్ర డీహెచ్‌టీని తగ్గిస్తుంది. కొందరిలో కోరికలు తగ్గడం, దిగులు వంటివి కనిపిస్తాయి కాబట్టి మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి, డాక్టర్ రాస్తేనే వేసుకోండి. ఏ మందైనా ఆపేస్తే, దానివల్ల నిలిచిన జుట్టు కొన్ని నెలల్లో మళ్లీ రాలిపోతుంది. ఇది తెలుసుకునే మొదలుపెట్టండి.