తోక మీది అంకెలు

ఇంగ్లండు తూర్పు భాగాన, సఫోక్ కౌంటీలో, మిల్డెన్‌హాల్ అని ఒక వైమానిక స్థావరం ఉంది. పేరుకు బ్రిటిషు వారిదే గాని, దశాబ్దాలుగా లోపల ఉంటున్నది అమెరికా దళం. దాని కంచె బయట పదిహేను, పదహారేళ్ళ కుర్రాళ్ళు మెడలో కెమెరా, చేతిలో నోటుబుక్కు పెట్టుకుని గంటల తరబడి నిలబడటం అక్కడ మామూలు దృశ్యం. రోజూ కనపడే విమానాల మీద వాళ్ళకి మోజు తక్కువ. ఎక్కడి నుంచో వచ్చి ఒక పూట దిగి వెళ్ళిపోయే అతిథి విమానమే వాళ్ళకి పండగ. ఇలాంటి వాళ్ళని అక్కడ ‘స్పాటర్లు’ అంటారు. మన భాషలో ఈ పనికి మాట లేదు. విమానాల నంబర్లు రాసుకునే పని అంటే మా ఊళ్ళో అయితే నవ్వుతారు.

కాని ఈ అలవాటు పనీపాటా లేక పుట్టింది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో వచ్చే విమానం మనదా, శత్రువుదా అని నేలమీది మనిషి క్షణాల్లో తేల్చాల్సి వచ్చేది. బ్రిటనులో 1941లో ఇందుకోసమే ఒక పత్రిక కూడా మొదలయింది. రెక్కలు, ఇంజన్లు, మొండెం, తోక వరసగా చూడమని అమెరికా వాళ్ళు తమ సైనికులకు నేర్పారు. మా నాయన మంచె మీద కూర్చుని, చేలో వాలబోయే పిట్ట ఏదో రెక్క విసురును బట్టి చెప్పేస్తాడు. ఈక రంగు కనపడేదాకా ఆగడు. రెండూ ఒకటే విద్య అని నా అభిప్రాయం.

ఇక నంబరు సంగతి. మిల్డెన్‌హాల్‌లో ఆకాశంలోనే ఇంధనం అందించే కె.సి.-135 విమానాలు ఉంటాయి. అలాంటి దాని తోక మీద 80100 అని ఉందనుకోండి. మొదటి అంకె 8 ఆ విమానానికి ఆర్డరు ఇచ్చిన ఆర్థిక సంవత్సరపు చివరి అంకె. అది 1958 కావచ్చు, 1968 కావచ్చు. ఈ రకం విమానాల తయారీ 1965తో ఆగిపోయింది గనక 1958 అని తేలుతుంది. అంటే మన నాన్నల కంటే పెద్ద విమానం ఇంకా ఎగురుతోందన్నమాట! పుస్తకంలో చూడకుండా కుర్రవాడు ఇదంతా మనసులోనే కట్టేస్తాడు. దీన్ని తర్కం అనక ఏమనాలి?

ఫోటో తీయడంలో ఉన్న ఫిజిక్సు మరీ ముచ్చటైనది. హెర్క్యులిస్ అనే రవాణా విమానం పంకా నిమిషానికి 1020 చుట్లు, అంటే సెకనుకు 17 చుట్లు తిరుగుతుంది. కెమెరా షట్టరు సెకనులో వెయ్యోవంతు తెరిస్తే ఆ వ్యవధిలో పంకా తిరిగేది సుమారు 6 డిగ్రీలే. ఫోటోలో పంకా బిగుసుకుపోయి, విమానం గాలిలో వేలాడదీసినట్టు కనిపిస్తుంది. 125వ వంతు తెరిస్తే 49 డిగ్రీలు తిరిగి చక్కగా చెరిగినట్టు వస్తుంది. కాని అంతసేపు చెయ్యి కదలకూడదు, పైగా విమానంతో పాటు కెమెరాని సమంగా తిప్పాలి. లెక్క తెలిసినంత మాత్రాన ఇది రాదు. మధ్యాహ్నం అయితే ఇంకో చిక్కు. నేల కాగి, గాలి సాంద్రత చోటుచోటుకీ మారి, కాంతి వంగి, దూరపు విమానం నీళ్ళలో ఉన్నట్టు ఊగుతుంది. మన నల్లరేగడి చేలల్లో ఎండాకాలం కనపడేదీ అదే. దీనికి ఎంత ఖరీదైన లెన్సూ మందు కాదు. పొద్దున్నే వెళ్ళాలి.

ఇంత అమాయకమైన నోటుబుక్కే ఇంకో దేశంలో నేరానికి సాక్ష్యమయింది. 2001 నవంబరులో గ్రీసులోని కలమాటా స్థావరం దగ్గర 12 మంది బ్రిటిషు వాళ్ళనీ, ఇద్దరు డచ్చి వాళ్ళనీ గూఢచారులన్న అనుమానంతో పట్టుకున్నారు. వాళ్ళు కొన్ని వారాలు జైల్లో ఉన్నారు. 2002 ఏప్రిల్లో 8 మందికి మూడేళ్ళు, మిగిలిన వారికి ఏడాది శిక్ష పడింది. అదే ఏడాది నవంబరులో అప్పీలు కోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. నంబరు రాసుకోవడం ఒక సరదా అని అక్కడి అధికారుల్ని నమ్మించడానికి ఏడాది పట్టిందన్నమాట. గ్రీసు వాళ్ళని మరీ తప్పుపట్టలేం. సరిహద్దులో పగవాడున్న దేశానికి కంచె దగ్గర కెమెరా వేరేలా కనిపిస్తుంది. మన దేశంలోనూ 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద వైమానిక స్థావరాలు నిషిద్ధ స్థలాలే. ఈ వ్యాసం చదివి మిత్రులెవరూ దుండిగల్ వైపు కెమెరాతో బయలుదేరవద్దని మనవి.

అయితే దాచాలన్నదల్లా దేశరక్షణే అవుతుందా? 2004 జనవరి 23న స్పెయిన్‌కు చెందిన మజోర్కా దీవిలో, పాల్మా విమానాశ్రయంలో, ఒక స్పాటరు తెల్లటి బోయింగ్ 737ని ఫోటో తీశాడు. సైనిక గుర్తులేమీ లేవు. నంబరు మాత్రం ఎన్313పి. ఆ విమానమే మాసిడోనియా వెళ్ళి, ఖాలిద్ ఎల్-మస్రీ అనే జర్మను పౌరుణ్ణి అమెరికా గూఢచారి సంస్థ తరఫున అఫ్ఘానిస్తాన్‌లోని రహస్య జైలుకు మోసుకుపోయింది. అతను ఏ నేరమూ చేయలేదు. నెలల తర్వాత వదిలేస్తే, అతని మాట మొదట్లో చాలామంది నమ్మలేదు. స్పాటర్లు తీసిన ఫోటోలు, రాసిపెట్టుకున్న నంబర్లు, విమానాల రాకపోకల రికార్డులు విలేఖరులు జత చేసి చూసుకుంటే దారి బయటపడింది. మాసిడోనియా అతనికి 60,000 యూరోలు పరిహారం చెల్లించాలని 2012 డిసెంబరు 13న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది.